వెనిస్ తర్వాత చూద్దురు గాని, ముందు జెనోవా!

ఇటలీ వెళ్లొచ్చిన బంధుమిత్రులందరి మీదా నాకిప్పుడు పట్టరాని కోపంగా ఉంది. కొలోసియం ముందు నిలబడి ఫొటో పంపారు. పీసాలో ఒరిగిన గోపురాన్ని అరచేత్తో ఆపుతున్నట్టు పంపారు. వెనిస్‌లో పడవెక్కి పంపారు. జెనోవా అని ఒక ఊరుంది, అంత దూరం వెళ్లి అది చూడకుండా రావొద్దు అని ఒక్కరంటే ఒక్కరు చెప్పిన పాపాన పోలేదు. కొలంబస్ ఎక్కడ పుట్టాడు అన్న బిట్టు ప్రశ్నకు జవాబుగా ఎప్పుడో బట్టీ పట్టిన పేరు, అంతే. మిలాన్‌లో ఎంఎస్ చదువుతున్న మా అక్క కొడుకు కూడా "అక్కడేముంటుంది పిన్నీ, ఓడరేవు! నువ్వు వైజాగ్‌లో చూళ్లేదా?" అని పెదవి విరిచాడు. చూశాను కాబట్టే వెళ్దామన్నాను. ఓడలు ఆగే ఊళ్లో తిండి వేరు, మాట తీరు వేరు, కొత్తవాళ్లని చూసే చూపు వేరు. పైగా నాకు తెలియని ఊరంటేనే సరదా.

మిలాన్ నుంచి రైల్లో గంటన్నర, రెండు గంటలు. చదునైన పొలాలు అయిపోయి కొండలు మొదలవుతాయి, ఒకదాని వెంట ఒకటి సొరంగాలు వస్తాయి, దాటేసరికి ఊరు. కొండకీ సముద్రానికీ మధ్య ఉన్నది సన్నటి పట్టీ నేల. విస్తరించడానికి చోటు లేక ఈ ఊరు మెట్టు మీద మెట్టు వేసుకుంటూ పైకి పెరిగింది. ఒకరి ఇంటి కప్పు ఎత్తున ఇంకొకరి వాకిలి ఉంటుంది.

మొదటి చూపులోనే మనసు దోచే ఊరేం కాదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. రేవు వైపు నడిస్తే ముందు కనిపించేది సముద్రం కాదు, 1965లో కట్టిన ఫ్లైఓవర్. పాత ఊరికీ పాత రేవుకీ మధ్య అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని కింద వాహనాల రొద, అవతల క్రేన్లు, సార్డీనియాకి పోయే పెద్ద పెద్ద ఓడలు. మావాడు నా వంక "చెప్పానా?" అన్నట్టు చూశాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని ఎదురుగా కనిపించిన ఒక వంపు ద్వారంలోకి లాక్కుపోయాను. అంతే, కథ మారిపోయింది!

ఆ ద్వారం వెనకాల ఉన్నవి కరుజ్జిలు. అంటే సందులు. యూరప్‌లో ఇప్పటికీ జనం కాపురముంటున్న అతి పెద్ద పాత పట్టణాల్లో ఇదొకటి. రెండు చేతులూ చాపితే రెండు వైపులా గోడలు తగిలే సందులున్నాయి. ఇళ్లు మాత్రం ఆరేడు అంతస్తులు. తల వెనక్కి వాల్చి చూస్తే పైన రిబ్బన్ ముక్కంత ఆకాశం, దానికి అడ్డంగా ఆరేసిన దుప్పట్లు. మిట్టమధ్యాహ్నం కూడా కింద దీపాల వేళే. ప్రతి మలుపు దగ్గరా గోడకు ఎత్తుగా ఒక చిన్న పాలరాతి గూడు, అందులో మేరీమాత. గుమ్మాల పైన నల్ల పలకరాతి మీద సెయింట్ జార్జి గుర్రమెక్కి డ్రాగన్‌ను పొడుస్తున్న శిల్పాలు. వందల ఏళ్ల పొగకి, ఉప్పుగాలికి ముక్కూ మొహం అరిగిపోయినా జార్జి ఈటె దించలేదు. ఆ గుమ్మం పక్కనే ఈక్వెడార్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం నడిపే కూరగాయల కొట్టు, దాని పక్కన సెనెగల్ కుర్రాడి మొబైల్ రిపేరు దుకాణం, దాని పక్కన తాతల నాటి మిఠాయి అంగడి. ఒక సందులో రంగురంగుల గాజు పలకలతో గోడలూ కప్పూ కట్టిన బుల్లి మంగలి దుకాణం ఉంది, గత శతాబ్దపు ఆర్ట్ డెకో పని. ఇద్దరు మనుషులు లోపలికొస్తే మూడోవాడు బయట నిలబడాల్సిందే. జుట్టు పెంచుకున్నందుకు మావాడు అక్కడ మొదటిసారి చింతించాడు.

ఈ సందుల్లో మ్యాప్ పనిచేయదు. ఫోన్‌లో నీలం చుక్క మనం ఉన్న చోటు వదిలేసి పక్క వీధిలో షికారు చేస్తుంటుంది. ఏం ఫర్వాలేదు. దిగుడుగా నడిస్తే సముద్రం, ఎగుడుగా నడిస్తే కొండ. అంతకు మించిన దారి ఈ ఊళ్లో అక్కర్లేదు.

ఇంత ఇరుకులోంచి నడుస్తూ నడుస్తూ వియా గారిబాల్ది అనే వీధిలో తేలామా, నోట మాట రాలేదు. వీధి పొడవునా అటూ ఇటూ రాజభవనాలే! కానీ జెనోవాలో రాజు లేడు. అది వర్తకుల గణరాజ్యం. స్పెయిన్ రాజుకి అప్పులిచ్చిన కుటుంబాలు, ఓడలు నడిపిన కుటుంబాలు 1550ల నుంచి పోటీలు పడి ఈ వీధిలో ఇళ్లు కట్టుకున్నాయి. ఇక్కడ నన్ను అబ్బురపరిచిన తమాషా ఒకటుంది. రాజు లేడు కాబట్టి రాజ అతిథిగృహం కూడా లేదు. మరి పొరుగు దేశపు రాజకుమారుడో, కార్డినలో, రాయబారో వస్తే ఎక్కడ దింపాలి? 1576లో సెనేట్ ఒక జాబితా తయారు చేసింది. ఊళ్లోని పెద్ద ఇళ్లను వాటి హోదా బట్టి తరగతులుగా విడగొట్టింది. అతిథి స్థాయిని బట్టి ఆ తరగతిలోంచి చీటీ తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్లింట్లో బస! ఖర్చు ఇంటివారిది, పేరు ఊరిది. ఆ జాబితాలను రోల్లీ అన్నారు. అందులో చేరిన భవనాల్లో 42 ఇప్పుడు యునెస్కో వారసత్వ సంపద, 2006 నుంచి. చిత్రకారుడు రూబెన్స్ ఇవి చూసి ముచ్చటపడి, వీటి ప్లాన్లన్నీ సేకరించి 1622లో ఆంట్‌వెర్ప్‌లో పుస్తకమే వేశాడు, తమ ఊరి ధనవంతులు కూడా చూసి నేర్చుకుంటారని.

బయటి నుంచి కొన్ని మామూలుగానే ఉంటాయి. తలుపు తీసి ఉంటే తొంగిచూడాలి. లోపల స్తంభాల నడవా, రెండు వైపులా ఎక్కే మెట్లు, మెట్ల పైన ఇంకో తోట. కొండ వాలు కావడంతో మొదటి అంతస్తు వెనక నేల తగిలి అక్కడ చెట్లు మొలిచి ఉంటాయి! ఊరి మున్సిపల్ ఆఫీసు కూడా ఇలాంటి ఒక భవనంలోనే ఉంది, పలాజ్జో తుర్సీ. అందులో ఒక గదిలో, గాజు పెట్టెలో, ఒక వయొలిన్. క్రెమోనాకు చెందిన గ్వార్నేరీ 1743లో చేసింది. దాని మోతను బట్టి దానికి ఫిరంగి అని పేరు పెట్టుకున్నవాడు పగనీని. ఆయన ఈ ఊళ్లోనే 1782లో పుట్టాడు. చనిపోతూ ఆ వాయిద్యాన్ని ఊరికి రాసిచ్చాడు. అప్పుడప్పుడూ బయటికి తీసి పగనీని పోటీలో గెలిచినవాళ్ల చేత మోగిస్తారట. నేను కర్ణాటక సంగీతం వయొలిన్ విని పెరిగినదాన్ని. ఆ చెక్క మీద గడ్డం ఆనిన చోట వార్నిష్ అరిగిన మచ్చ చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో. కాపలా ఆయన వచ్చి నవ్వి వెళ్లాడు, ఇలాంటివాళ్లు రోజూ వస్తారు కాబోలు.

పక్కనే ఎర్ర గోడల పలాజ్జో రోస్సో. వాన్ డైక్ గీసిన ఇంటి యజమానుల నిలువెత్తు చిత్రాలున్నాయి, బాగున్నాయి. కానీ టికెట్టు డబ్బులు గిట్టుబాటయ్యేది దాని డాబా మీద. ఊరంతా బూడిదరంగు పలకరాయి కప్పులు. వాటి మధ్య గంట గోపురాలు, నిమ్మ కుండీలు, చివరన సముద్రం. దిగబుద్ధి కాలేదు.

సాన్ లొరెంజో కెథడ్రల్‌ది ఇంకో వింత. నలుపూ తెలుపూ రాళ్లు వరసలు వరసలుగా పేర్చిన గోడలు, 1118లో పోపు వచ్చి ప్రతిష్ఠ చేసిన గుడి. ముఖద్వారం శిల్పాల్లో ఎక్కడో ఒక చిన్న రాతి కుక్క ముడుచుకుని నిద్రపోతుంటుంది, దాన్ని వెతకడం ఊరి పిల్లల ఆట. మాకు దొరికింది, ఎక్కడో చెప్పను. లోపల కుడి పక్కన గోడవారగా నిలబెట్టిన మనిషి ఎత్తు ఇనుప గుండు చూసి ఇదేదో విగ్రహం అనుకునేలోపే మావాడు కింద రాసింది చదివాడు. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ నౌకాదళం సముద్రం మీంచి ఈ ఊరిని గుండ్లతో కొట్టింది. ఊళ్లో ఎందరో చనిపోయారు. ఒక గుండు కెథడ్రల్ గోడ చీల్చుకుని లోపలికొచ్చి పడింది, పేలలేదు. అదే ఇది. గుళ్లో ఇప్పటికీ పెళ్లిళ్లు జరుగుతాయి, గుండు అక్కడే ఉంటుంది.

కింద నేలమాళిగలోని ఖజానాలో పచ్చని గాజు పళ్లెం ఒకటి చూపిస్తారు. క్రూసేడ్‌కి వెళ్లిన జెనోవా సైనికులు 1101లో సిసేరియా నుంచి తెచ్చారు. ఏసుక్రీస్తు కడపటి విందు చేసిన పళ్లెమనీ, ఒకే మరకతం తొలిచి చేసిందనీ వందల ఏళ్లు నమ్మారు. నెపోలియన్ దాన్ని పారిస్‌కి పట్టుకుపోయాడు. తిరిగొచ్చేసరికి ముక్కలైంది. గాజని తేలిపోయింది. అయినా ముక్కలు అతికించి అంతే భక్తిగా దాచుకున్నారు. ఒక ముక్క మాత్రం రాలేదు, ఆ ఖాళీ అలాగే కనిపిస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది తెలిశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాత రేవు ఒడ్డునే పలాజ్జో సాన్ జార్జో అని ఒక భవనం. 1260లో కట్టారు. సముద్రం వైపు ముఖమంతా రంగుల బొమ్మలు, మధ్యలో మళ్లీ మన జార్జి, మళ్లీ డ్రాగన్. 1407 తర్వాత ఇందులో సెయింట్ జార్జి బ్యాంకు నడిచింది, యూరప్‌లోని తొలినాటి బ్యాంకుల్లో ఒకటి. ఇప్పుడు ఓడరేవు అధికారుల ఆఫీసు. కానీ దానికి ముందు కొన్నాళ్లు ఇది జైలు. వెనిస్‌కీ జెనోవాకీ జరిగిన యుద్ధంలో పట్టుబడిన ఒక వెనిస్ వర్తకుణ్ని 1298లో ఇక్కడే ఉంచారని ఈ ఊరివాళ్లు చెప్పుకుంటారు. ఆయన పేరు మార్కో పోలో. పక్కనున్న ఖైదీ పీసా ఊరివాడు, రుస్తికెల్లో. వీరగాథలు రాయడం అతని వృత్తి. పొద్దుపోక ఒకరు తాను తిరిగిన దేశాల సంగతులు చెబుతుంటే ఇంకొకరు రాసుకుంటూ పోయారు. లోకమంతా చదివిన మార్కో పోలో యాత్రాగ్రంథం పుట్టింది జెనోవా చెరలో!

అందులో మోటుపల్లి ఉంది. మన చీరాల దగ్గరి మోటుపల్లి! మార్కో పోలో దాన్ని ముత్ఫిలి అన్నాడు. ఆ రాజ్యాన్ని భర్త పోయిన ఒక రాణి ఎంతో వివేకంతో, న్యాయంగా ఏలిందని, ప్రజలు ఆమెను ఎంతగానో ప్రేమించారని చెప్పాడు. ఆమె మన రుద్రమదేవేనని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి కొండల్లో వజ్రాలు దొరికే తీరు, పాములున్న లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటికి అంటుకున్న వజ్రాలతో సహా పైకి తెస్తాయన్న కథ, సాలెగూడంత పలచని బట్టలు, అన్నీ చెప్పాడు. చందుపట్ల శాసనం ప్రకారం రుద్రమ 1289లో కన్నుమూసింది. తొమ్మిదేళ్ల తర్వాత, అన్ని వేల మైళ్ల అవతల, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఒక ఖైదీ ఇంకో ఖైదీకి ఆమె గురించి చెబుతున్నాడు! రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. తుపాను కొట్టి ఒడ్డున పడ్డ ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారు, ఇక మీదట నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోము అని సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ రాయి ఇంకా ఉంది. జెనోవా రేవులో నిలబడి ఆ శాసనం గుర్తు చేసుకుంటే, ఎక్కడి వర్తకులైనా రాజులను అడిగేది ఒకటేనని అనిపించింది: మా సరుకు మాకు వదిలేయండి.

ఇంకా ఉంది. మార్కో పోలో పుస్తకం లాటిన్ ప్రతి ఒకటి తర్వాతి కాలంలో ఒక నావికుడి చేతికొచ్చింది. అంచుల్లో సొంత చేతిరాతతో ఎన్నో గుర్తులు పెట్టుకున్నాడు. ఆ ప్రతి ఇప్పుడు స్పెయిన్‌లో సెవిల్ నగరంలో భద్రంగా ఉంది. ఆ నావికుడు ఇదే జెనోవాలో ఉన్ని నేతగాడి కొడుకు, పేరు కొలంబస్. ఊరు జైల్లో పెట్టిన మనిషి చెప్పిన కథ, ఆ ఊరి పిల్లాడికే తూర్పు దేశాల పిచ్చి ఎక్కించింది. మావాడికి ఇదంతా చెప్పాను. వాడు కాసేపు ఆగి, "పిన్నీ, మా టెన్త్‌లో ఇది ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. నేనూ అదే అడుగుతున్నాను.

కొలంబస్ ఇల్లని ఒకటి చూపిస్తారు. 1155 నాటి పోర్తా సోప్రానా కోట ద్వారం పక్కన. అసలు ఇల్లు 1684లో ఫ్రెంచివాళ్ల దాడిలో పోయింది, ఇది తర్వాత కట్టింది. ద్వారం జంట బురుజులు అద్భుతం, ఇంటికి డబ్బు దండగ.

తిండి దగ్గరకొద్దాం. పొద్దున్నే సందులో మొదట లేచేది ఫొకాచా వాసన. వేలి లోతు గుంటలు పొడిచి, ఆ గుంటల్లో ఉప్పునీళ్లూ ఆలివ్ నూనే పోసి కాల్చిన మెత్తటి రొట్టె. కొట్లో పెద్దావిడ ఒక ముక్క కోసి కాగితంలో పెట్టింది. నేను కొరకబోతుంటే "నో, నో!" అని ఆపి, ముక్కను తిరగేసి నా చేతిలో పెట్టి, తన నాలుక చూపించింది. ఉప్పున్న వైపు నాలుకకు తగలాలట! తగిలింది. ఆవిడ చెప్పింది వేదవాక్కు. ఊరివాళ్లు దీన్ని పొద్దున కాఫీలో ముంచుకుని తింటారు. మావాడు తిన్నాడు, నావల్ల కాలేదు.

ఫరినాటా చూశాక మాత్రం పుట్టింటికి వచ్చినట్టయింది. శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె. అంతే. పిండి కలిపి కొన్ని గంటలు నానబెట్టి, బండి చక్రమంత వెడల్పున్న రాగి పళ్లెంలో పలచగా పోసి, కట్టెల పొయ్యిలో భగభగమనే మంటలో కాలుస్తారు. పైన కరకర, లోపల వెన్న. మన శనగపిండి అట్టు అల్లం, పచ్చిమిర్చి మానేసి సముద్రం దాటిపోయి ఇక్కడ సుఖంగా స్థిరపడినట్టుంది. 1284లో పీసాను ఓడించి వస్తున్న ఓడలో తుపానుకు శనగపిండి, నూనె, సముద్రపు నీళ్లు కలిసిపోయి ఎండలో ఎండితే ఇది పుట్టిందని కథ. కథే కావచ్చు, రుచి మాత్రం నిజం. మిరియాల పొడి చల్లుకోవడం మరవకండి.

పెస్తో ఈ ఊరిదే. ప్రా అనే శివారులో పండే లేత తులసిజాతి ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, రాళ్లుప్పు, రెండు రకాల చీజ్, ఆలివ్ నూనె. పాలరాతి రోటిలో చెక్క రోకలితో నూరాలి, మిక్సీ వేడికి ఆకు నల్లబడుతుందని వాళ్ల పట్టుదల. రెండేళ్లకోసారి ఊళ్లోని పలాజ్జో దుకాలే భవనంలో రోళ్లు వరసగా పెట్టి ప్రపంచ పెస్తో పోటీ కూడా పెడతారు. పాస్తాతో పాటే అదే గిన్నెలో బంగాళదుంప, బీన్స్ ఉడికించి ఇది కలిపి ఇస్తారు. రోటి పచ్చడి విలువ తెలిసిన మనవాళ్లకి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. ఒక్క మాట, ఖచ్చితమైన శాకాహారులు గమనించాలి: అందులో వేసే పార్మీజాన్ చీజ్‌ను దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో విరుస్తారు. చీజ్ వద్దని ముందే చెబితే అప్పటికప్పుడు నూరేచోట వేయకుండా ఇస్తారు.

తిన్నది అరగడానికి ఎక్కడానికి కొండలెలాగూ ఉన్నాయి. కానీ ఈ ఊళ్లో నన్ను చిన్నపిల్లను చేసినవి లిఫ్టులు. అపార్ట్‌మెంట్ లిఫ్టులు కావు, వీధి లిఫ్టులు! బస్సులు నడిపే ఊరి సంస్థే వీటినీ నడుపుతుంది. సొరంగంలాంటి దారిలో నడిచి వెళ్లి లిఫ్టు ఎక్కితే పై వీధిలో దిగుతాం. కాస్తెల్లెత్తో లిఫ్టు 1909 నాటిది. జార్జో కాప్రోనీ అనే కవి దీని మీద ఏకంగా కవితే రాశాడు. పైన దిగగానే ఊరంతా కాళ్ల కింద! కూరల సంచులతో ముసలమ్మలు, స్కూలు బ్యాగులతో పిల్లలు నిర్లిప్తంగా ఎక్కి దిగుతుంటారు, నేనొక్కదాన్నే నోరు తెరుచుకుని. ఇంకొకటుంది, దాల్బెర్తిస్ కోటకు వెళ్లేది. క్యాబిన్ ముందు రైలు పెట్టెగా సొరంగంలో అడ్డంగా రెండు వందల మీటర్ల పైచిలుకు పోతుంది. ఆగుతుంది. అక్కణ్నుంచి అదే క్యాబిన్ నిలువుగా లిఫ్టుగా లేస్తుంది! మనం కూర్చున్నచోటు నుంచి కదలనక్కర్లేదు. ఏ పనీ లేకపోయినా మళ్లీ కిందికొచ్చి మళ్లీ ఎక్కాం.

పైనుంచి కాలినడకన దిగడానికి నడుమ ఇటుకలూ అంచున రాళ్లూ పరిచిన నిటారు దారులున్నాయి. దిగేటప్పుడు ఇళ్ల గోడలు జాగ్రత్తగా చూడండి. ఎదురింటి నాలుగో అంతస్తులో కిటికీ సగం తెరిచి ఉంది, రెక్క నీడ గోడ మీద పడింది. మబ్బు పట్టినా ఆ నీడ కదల్లేదు! అప్పుడు తెలిసింది, కిటికీ లేదు, నీడా లేదు, రెండూ రంగుతో వేసిన బొమ్మలే. దాని పక్కది నిజం కిటికీ. చట్రాలూ, చెక్కడాలూ, స్తంభాలూ కూడా చాలా ఇళ్లకు బొమ్మలే. రాతి పని కంటే రంగు చవక, దూరం నుంచి హోదా ఒకటే. లెక్కలు తెలిసినవాళ్ల ఊరు మరి.

పాత రేవు సంగతి క్లుప్తంగా. కొలంబస్ ప్రయాణానికి 500 ఏళ్లు నిండిన సందర్భంగా 1992లో రెంజో పియానో దీన్ని మళ్లీ జనానికి తెరిచాడు. పారిస్‌లో పాంపిడూ సెంటర్ కట్టినవారిలో ఒకరాయన, ఈ ఊరి బిడ్డే. పత్తి గిడ్డంగులు హాళ్లయ్యాయి, ఓడ క్రేన్ ఆకారంలో ఆకాశంలోకి తీసుకెళ్లే లిఫ్టు ఒకటి. 2018 ఆగస్టు 14న ఊళ్లోని మొరాందీ వంతెన కూలి 43 మంది చనిపోయారు. దాని స్థానంలో 2020లో లేచిన వంతెన నమూనా కూడా ఆయనదే. పెద్ద అక్వేరియం ఉంది, ఊరికొచ్చే జనంలో సగం అది చూసి వెళ్లిపోతారు, పిల్లలుంటే వెళ్లండి. నా ఓటు గలాతా సముద్ర మ్యూజియానికి. అసలు కొలతలతో కట్టిన తెడ్ల యుద్ధనౌక, అమెరికాకు వలసపోయిన పేద ఇటాలియన్ల ఓడ గదులు, బయట నీళ్లలో నిజం జలాంతర్గామి. ఆ వలస గదుల్లో అరల బల్లలు చూస్తే ఇవాళ వీసా క్యూలో నిలబడే మనకు కొంత తెలివొస్తుంది. రేవు చివర లాంతెర్నా దీపస్తంభం, 1543లో తిరిగి కట్టింది, 77 మీటర్లు. ఇంకా పనిచేస్తోంది. ఇంకో ముక్క, మన క్రికెట్ పిచ్చివాళ్ల కోసం: ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు 1893లో ఇంగ్లీషువాళ్లు పెట్టింది, దాని అధికారిక పేరు ఇప్పటికీ జెనోవా క్రికెట్ అండ్ ఫుట్‌బాల్ క్లబ్బే! క్రికెట్ ఆడేవాడు మాకు ఒక్కడూ కనబడలేదు.

శ్మశానం చూడమని ఎవరైనా చెబుతారా? నేను చెబుతున్నాను. స్తల్యేనో, 1851లో తెరిచారు. మైళ్ల కొద్దీ అనిపించే నడవాల్లో పాలరాతి మనుషులు. ఓడల యజమానులూ, బ్యాంకర్లూ తమ సమాధుల మీద ఏడ్చే దేవతలను నిలబెట్టుకున్నారు. వాళ్లందరి మధ్యా ఒక పల్లెటూరి బామ్మ. పేరు కతెరీనా కాంపోదోనికో. తిరునాళ్లలో దండలు గుచ్చిన హేజెల్ కాయలూ, గుండ్రటి రొట్టెలూ అమ్ముకునేది. జీవితమంతా ఒక్కో నాణెం కూడబెట్టి, గొప్పింటివాళ్ల సమాధులు చెక్కే లొరెంజో ఒరెంగో దగ్గరికే వెళ్లి తన విగ్రహం చెక్కించుకుంది. 1881లో, బతికుండగానే పెట్టించింది. మరుసటి ఏడు పోయింది. విగ్రహం చేతిలో ఆ కాయల దండలు, రొట్టెలు. శాలువా కుచ్చులు, లేసు అల్లిక, గౌను మీది పువ్వులు పోగు పోగునా లెక్కపెట్టొచ్చు. ఆవిడ చూపులో వినయం ఏమీ లేదు. పీఠం మీద ఊరి మాండలికంలో ఆవిడ రాయించుకున్న పద్యం. చుట్టుపక్కల కోటీశ్వరుల సమాధులు నాకు ఒక్కటీ గుర్తులేదు, ఈవిడను మాత్రం కాయలమ్మ అని పేరు పెట్టుకుని దండం పెట్టి వచ్చాను.

లోపాలు లేవని కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మెట్లు శత్రువులు, లిఫ్టుల దారులు ముందే చూసుకోవాలి. స్టేషన్ పక్కన కొన్ని సందుల్లో చీకటి పడ్డాక ఒంటరిగా తిరక్కపోవడం మంచిది. ఆగస్టులో ఉడికిపోతారు, చాలా కొట్లు మూసేస్తారు. పర్యాటకులను కూర్చోబెట్టి నవ్వించాలన్న తాపత్రయం ఈ ఊరికి లేదు. నాకైతే అదే నచ్చింది. వెనిస్‌లో మనం జనంలో ఒకళ్లం, ఇక్కడ సందులో ఎదురైనవాళ్లకి దారివ్వాల్సిన మనిషిమి.

చింక్వె తెర్రే అనే సముద్రపు ఒడ్డు పల్లెలు చూడ్డానికి వెళ్లే మనవాళ్లు చాలామంది ఈ స్టేషన్లో రైలు మారి వెళ్లిపోతున్నారు. దయచేసి దిగండి. ఒక పూటకి కాదు, రెండు రాత్రులు ఉండేలా గది తీసుకోండి. ఏటా సాధారణంగా మే, అక్టోబరు ప్రాంతాల్లో రోల్లీ డేస్ అని మామూలుగా మూసి ఉండే ఆ భవనాలను కూడా జనం కోసం తెరుస్తారు. ఆ తేదీలు ముందే చూసుకుని టికెట్లు చేయించుకోండి.